లప్పం రాలిన గోడ

సార్పిన్ చేతిలో ఉలి ఖంగుమంది. టేకు మీద పడ్డ ఉలి అలా మోగదు. ఆ చప్పుడుకి కార్ఖానాలో మిగతా ఉలులన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి. సార్పిన్ ఉలి ఎత్తి అంచు చూసుకున్నాడు. చిన్న పెచ్చు లేచిపోయింది.

"మేకేమో చూడన్నా," అన్నాడు పక్కవాడు.

"అడవిలో నిలువునా పెరిగిన చెట్టు గుండెలో మేకెవడు కొడతాడ్రా?"

సన్న ఉలి తీసుకుని అతను చుట్టూ తవ్వాడు. అది పెద్ద నగిషీ గోడ. జెపారాలో కలిగినవాళ్లు ముందు గదికీ లోగదికీ మధ్య నిలబెట్టుకునే టేకు గోడ, నిండా తీగలు, మొగ్గలు, ఆకుల చాటున నెమళ్లు. రాజధానిలో పదవి దిగిన ఓ కల్నల్ కట్టుకుంటున్న ఇంటికని సువోందో దొర కార్ఖానాలో నెలల తరబడి దాన్ని చెక్కుతున్నారు. ఆ గోడలో ఓ ఆకు ఈనె దగ్గర చెక్క సిరా తాగినట్టు నల్లబడి ఉంది. ఆ నలుపులోంచి చిటికెన వేలి కొనంత సీసం ముక్క ఊడి సార్పిన్ అరచేతిలో పడింది.

చూరు కింద సానరాయి దగ్గర కూచున్న క్రోమో తాత లేచి వచ్చాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఆయనంత నగిషీగాడు లేడు. ఎర్రజెండా మనిషని పట్టుకుపోయి ఏళ్లకేళ్లు జైలు దీవిలో ఉంచి వదిలారు. ఆయన గుర్తింపు కార్డు మీద ఇప్పటికీ ఆ ముద్ర ఉంది. ముద్ర ఉన్నవాడి చేత నగిషీ చేయిస్తే పోలీసులొస్తారు కనక దొర ఆయన చేత ఉలులు నూరిస్తాడు. నూరినందుకు కూలి తక్కువ, దయ ఎక్కువ. తాత ఆ ముక్కని వేళ్ల మధ్య దొర్లించి చూశాడు.

"తుపాకీ గుండు," అన్నాడు.

సువోందో దొర ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. చెంప ఛెళ్లుమన్నాకే చూశారు. తాత వెళ్లి నీళ్ల తొట్టి మీద పడ్డాడు.

"ఏమన్నావు? మళ్లీ అను."

తాత పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. దొర వంగి ఆ ముక్క తీసుకున్నాడు. దాన్ని రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని ఒక్కొక్కళ్ల ముందుకీ వెళ్లి అడగసాగాడు.

"ఏంటిది?"

"మేకు దొరా."

"నువ్వు చెప్పు."

"మేకండీ."

మగవాళ్లయ్యాక ఉప్పుకాగితం రుద్దే ఆడవాళ్ల దగ్గరికొచ్చాడు. పైనెం తల దించుకుని మేకంది. ఆమె పక్కనున్న ఇద్దరూ మేకన్నారు. ఆ చివర రుకిని. ఆమె చేతిలో ఉప్పుకాగితం నలిగిపోయింది. తొట్టి అంచు పట్టుకుని లేవబోతున్న తాత ఆమెకు కనిపిస్తున్నాడు. ఆయన తన తండ్రికి జతగాడు, ఒకే గోడకి చెరో పక్కా కూచుని చెక్కినవాళ్లు.

"ఏంటిది రుకినీ?"

"మేకు," అంది రుకిని. ఆ మాట తన నోటినించే వచ్చిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

"విన్నారుగా. మేస్త్రీ, ఇది ఏట్లో పారేయించు. రుకినీ, అక్కడ లప్పం పెట్టు. నీ చెయ్యి పడితే దేవుడు కూడా కనిపెట్టలేడు."

అది పొగడ్తే. నిజం కూడాను. చెక్కలో కన్నం పడినా, పురుగు తిన్నా, ఉలి జారి పెచ్చు లేచినా పూడ్చేది రుద్దే ఆడవాళ్లే. ఆ పనిలో రుకినికి సాటి లేదు. ఆ చెక్క పొట్టే సన్నగా జల్లెడ పట్టి, జిగురులో కలిపి, రంగు కోసం రెండు చుక్కలు టీ డికాషన్ వేసి, కన్నంలో బొటనవేలితో అదిమింది. ఆరాక సూదితో చెక్క రేఖ గీసింది. పైన ఆకు ఈనె కలిపింది. ఆ రేఖ పక్క రేఖలో కలిసిపోయింది. పని అయ్యాక చూస్తే అక్కడేమీ జరగలేదు.

ముప్పై మూడేళ్ల నించీ ఆ ఊళ్లో చేస్తున్నది ఆ పనే మరి.

అప్పటికి రుకిని ఇంకా పాలపళ్లు ఊడే పిల్ల. ఎర్రజెండా సంఘంలో పేరున్న నగిషీవాళ్లనందరినీ ఓ సాయంత్రం పంచాయతీ ఇంటికి రమ్మన్నారు. పిలిచినవాడు ఈ దొర తండ్రి, అప్పటి ఊరి పెద్ద. విర్యో, అంటే రుకిని తండ్రి, చేతిలో ఉన్న ఉలి కూడా కింద పెట్టకుండా, ఇదిగో వస్తానని వెళ్లాడు. వెళ్లినవాళ్లని లారీ ఎక్కించారు. క్రోమో ఆ పూట అత్తగారి ఊళ్లో ఉండబట్టి జైలుకు దక్కాడు. మిగతావాళ్లు దేనికీ దక్కలేదు. ఆ తరవాత వాళ్ల పేర్లు ఎవరూ పలకలేదు. వాళ్ల పెళ్లాలు చెక్క రుద్దడానికి ఈ దొరల కార్ఖానాకే వచ్చారు. ఇంకెక్కడికి పోతారు?

రుకిని తల్లి కసియెం ప్రతి గురువారం సాయంత్రం వీధి గుమ్మం బయట ఓ పళ్లెంలో అన్నం, చేపల పులుసు, ఓ లవంగాల సిగరెట్టు పెడుతుంది. పోయినవాళ్లకి పెట్టే తీరే అది. అయితే పోయాడని ఎవరూ చెప్పలేదు. ఏ రోజు పోయాడో తెలిస్తేగా నలభయ్యో నాటి దువా, వెయ్యో నాటి దువా! వెయ్యో రోజున సమాధి మీద చెక్కపలక నాటాలి. ఊళ్లో అందరి సమాధుల మీదా విర్యో చెక్కిన పలకలున్నాయి. ఆయనకే లేదు.

ఇప్పుడు ఉపవాసాల నెలకి ముందు నెల. ఊరంతా బుట్టల్లో పూలు తీసుకుని సమాధులకు వెళ్లే రోజులు. కసియెం కూడా ఏటా పూలు కొంటుంది. తీసుకెళ్లే చోటు తెలియక ఏట్లో వదుల్తుంది. ఈ ఏడు ఆమెకి ఊపిరి అందడం లేదు. దగ్గు తెర తగ్గినప్పుడల్లా కూతురి చెయ్యి పట్టుకుని ఒకటే మాట.

"నేను పోయే లోపల మీ నాన్న ఎక్కడున్నాడో కనుక్కోవే. వచ్చే ఏడు ఈ పూలు నా మీద వేస్తావు గదా, ఆయన మీద వేసి రావాలా వద్దా?"

ఆ సాయంత్రం ఇంటికెళ్లిన రుకిని తల్లి మొహం చూడలేకపోయింది. బొటనవేలి గోటి కింద లప్పం ఇరుక్కుని ఉంది. ఎంత కడిగినా పోలేదు.

మర్నాడు కార్ఖానా పెరట్లో, గోడకి పలకలు కోసిన మాను మొదలు ముక్క ముందు సార్పిన్ గొంతుక్కూచుని ఉన్నాడు. టేకు ఏడాదికో రేఖ వేసుకుంటుంది. బెరడు దగ్గర్నించి లోపలికి లెక్కబెడుతూ నల్లమచ్చ దగ్గరికొచ్చి వేలు ఆపాడు.

"అక్కా, ఇటు రా. నరికే ముందు మొదట్లో బెరడు కోసి రెండేళ్లు ఎండబెట్టింది కూడా కలుపుకో. సరిగ్గా మీ నాన్నవాళ్లని పట్టుకుపోయిన ఏడాదికే వచ్చి ఆగింది."

ఆ అడవుల్లో టేకుని ఒక్కసారిగా నరకరు. చుట్టూ బెరడు కోసి వదిలేస్తే నిలబడే చస్తుంది. ఎండిన చెట్టు కూలేటప్పుడు చూసినవాళ్లు చెబుతారు, అది పడుతూ పెట్టే చప్పుడు మనిషి గొంతులా ఉంటుందని. రుకిని ఇదివరకు ఆ మాటకి నవ్వేది. ఆ నల్లమచ్చ మీద వేలు పెట్టింది. చల్లగా ఉంది. గబుక్కున వేలు తీసేసింది.

"గురువారం మా ఇంట్లో దువా పెడతా," అంది. "అందరికీ చెప్పు."

"ఎవరి పేర?"

"పేరు అప్పుడు చెబుతా."

నలుగురు కూడితే పోలీసులొచ్చే కాలం ఇంకా పూర్తిగా పోలేదు. ముప్పై రెండేళ్లు కుర్చీ పట్టుకున్న జనరల్ ఆ మే నెలలో దిగిపోయాడు. రాజధానిలో విద్యార్థులు వీధుల్లో పాడారట. జెపారాలో దొర మాత్రం దొరే. కాకపోతే దువాకి కూడితే ఎవడూ అడగడు. గురువారం పొద్దు వాలేసరికి రుకిని ఇంటి చాపల మీద మోకాలు కదపడానికి చోటు లేదు. నగిషీవాళ్లు, రుద్దే ఆడవాళ్లు, మూల గోడకానుకుని క్రోమో తాత, సెమరాంగ్ కాలేజీ నించి వచ్చిన వెనింగ్ అనే అమ్మాయి. కూలీల సంఘం పెడదామని ఆర్నెల్లుగా ఆ అమ్మాయి తిరుగుతోంది. ఆమె కరపత్రాలతో ఆడవాళ్లు పొయ్యి రాజేసుకుంటున్నారు.

ఫాతిహా చదివారు. ఎవరి పేర చదవాలని ముల్లా అడిగితే తలుపు పక్కన కూచున్న కసియెం నోరు తెరిచింది.

"విర్యో పేర. నా మొగుడి పేర."

ఆ పేరు వినబడగానే గదిలో దగ్గు కూడా ఆగింది. ముప్పై మూడేళ్లయింది ఆ ఇంట్లో ఆ పేరు గట్టిగా పలికి. ముల్లా తల వంచుకుని చదివేసి, దువాకి పంచిన అన్నం పొట్లం చంకన పెట్టుకుని, తలనొప్పని చెప్పి వెళ్లిపోయాడు. పాపం, ఆయనకీ పిల్లలున్నారు.

రుకిని లేచింది. "మొన్న నేను మేకన్నాను. మేకు కాదు. గుండు. ఆ కన్నం నా చేత్తో నేనే పూడ్చాను. మా నాన్న ఏ అడవిలో ఉన్నాడో ఆ గోడకి తెలుసు. అది ఊరు దాటిపోతే మనకింక ఎవడూ చెప్పడు."

"చెబితే మాత్రం?" అన్నాడో నడివయసువాడు. "పోయినోళ్లు లేచొస్తారా? ఉన్నోళ్ల కూడు పోతది. కార్ఖానా నడిస్తేనే కదా మనకి ఇంత అన్నం."

"అన్నం తింటున్నావా నువ్వు?" అంది పైనెం. "మా ఆయన తింటున్నాడు, రాత్రిళ్లు ఆ లారీ ఎక్కిన వాళ్ల అన్న పేరు పెట్టి కేకలేస్తున్నాడు."

వెనింగ్ గొంతు సవరించుకుంది. "రాజధానిలో విచారణ సంఘం వేస్తారని అంటున్నారు. మనం ముందు ఒక దరఖాస్తు పెట్టి..."

"దరఖాస్తు పాపా!" అంది రుద్దే ఆడవాళ్లలో ఒకావిడ. "మా అరచేతుల్లో గీతలు చూడు. సగం ఉప్పుకాగితానికి అరిగాయి, సగం దణ్ణాలకి."

అందరూ నవ్వారు. వెనింగ్ కూడా నవ్వి, కరపత్రాలు చంక కింద దాచుకుంది. ఆ నవ్వు మధ్యలో సార్పిన్ లేచి నిలబడ్డాడు. అతని మొహంలో నవ్వు లేదు.

"ఒక మాట చెప్పాలి. చెప్పాక నన్ను బయటికి నెట్టినా సరే. మా అయ్య ఆ రోజు ఆ లారీలో ఉన్నాడు."

"పట్టుకుపోయినోళ్లలోనా?"

"కాదు. పార పట్టుకున్నోళ్లలో. పెద్దదొర ఇంటికొచ్చి, వస్తావా, నిన్నూ ఎక్కించమంటావా అన్నాడంట. మా ఇంట్లో టేకు పేళ్లు పొయ్యిలో పెట్టనివ్వడు మా అయ్య. ఎందుకో మా అమ్మ చచ్చిపోతూ చెప్పింది."

రుకిని తలుపులోంచి ఎదురింటి కేసి చూసింది, సార్పిన్ వాళ్ల ఇల్లు. రసిమున్ బాబాయి. ఎదురింటి అరుగు మీద ఎప్పుడూ మౌనంగా కూచునే మనిషి. చిన్నప్పుడు ఆమెకి కొబ్బరి మట్టతో బొమ్మలు చేసిచ్చిన మనిషి.

"నీ అయ్య పూడ్చాడా? మా నాన్నని మీ అయ్య పూడ్చి, మా ఎదురింట్లో కూచుని, మా అమ్మ పళ్లెం పెడుతుంటే వారం వారం చూస్తూ..." ఆమె చెయ్యి లేచింది. సార్పిన్ కదల్లేదు. కొట్టమన్నట్టే నిలబడ్డాడు.

"రుకినీ," అన్నాడు క్రోమో తాత. చిట్లిన పెదవితో మాట ముద్దగా వచ్చింది. "వాడి చేతికి పార ఇచ్చిందెవడు? నీ చేతికి లప్పం ఇచ్చిందెవడు?"

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. రుకిని తన బొటనవేలి గోరు కేసి చూసుకుంది. తరవాత గోడకి జారగిలపడి, పమిటచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గదిలో ఆడవాళ్లు కొందరు ఎవరి మొహాలు వాళ్లు దాచుకున్నారు. వాళ్లంతా తన కోసమే ఏడుస్తున్నారనుకుంది రుకిని.

చివరికి తేలింది ఇదీ. గోడ కార్ఖానా దాటకూడదు. పెట్టిన లప్పం తీయాలి. ఆ గుండు వచ్చిన చోటు ఎక్కడో చెప్పించి తవ్వించాలి. అప్పటిదాకా ఉలి పట్టరు, కాగితం రుద్దరు.

అందరూ వెళ్లాక రుకిని ఎదురింటి తలుపు తట్టింది. రసిమున్ మంచం మీద పడుకుని ఉన్నాడు. "బాబాయ్, చోటు చెప్పు. నిన్నేమీ అనను," అంది. ముసలాయన గోడవైపు తిరిగిపోయాడు. దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. ఆమె వచ్చేసింది.

శుక్రవారం కార్ఖానాలో చప్పుడు లేదు. పుట్టిన దగ్గర్నించీ ఆ ఊళ్లో పగలంటే ఉలుల చప్పుడే. ఆ చప్పుడు లేకపోతే వీధిలో కుక్కలు కూడా తికమకపడ్డాయి. మగవాళ్లు ఉలులు చాప మీద వరసగా పేర్చి కూచున్నారు. ఆడవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూచున్నారు. మేస్త్రీ దర్మిన్ కాళ్లు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి దొరని పిలుచుకొచ్చాడు.

దొర కేకలెయ్యలేదు. అదే భయంగా ఉంది. నవ్వుతూ వచ్చి నగిషీ గోడ పక్కన నిలబడ్డాడు.

"గుండన్నారు. బాగానే ఉంది. ఎక్కడుంది?"

"మీరే ఏట్లో వేయించారు," అన్నాడు సార్పిన్.

"పోనీ కన్నం ఏది? కన్నం కూడా నేనే ఏట్లో వేయించానా? రుకినీ, రావే. పూడ్చిందానివి నువ్వే కదా. చూపించు. చూపిస్తే నేనే స్వయంగా పోలీసులకి చెబుతా."

రుకిని లేచి వెళ్లింది. అటూ ఇటూ ఒకేలాంటి ఆకులు, ఒకేలాంటి ఈనెలు. తను పెట్టిన చోటు తనకి తెలియదా? ఎడమవైపు మూడో తీగ అనుకుంది. వేళ్లతో తడిమింది. నున్నగా ఉంది. పక్క ఆకు తడిమింది. నున్నగానే ఉంది. గోరుతో గీరింది. చెక్కే వచ్చింది. మొహం దగ్గరపెట్టి వాసన చూసింది. గోడంతా టేకు వాసన. వెనక అందరి కళ్లూ తన వీపు మీదే ఉన్నాయి.

తన పనితనమే తన నోరు నొక్కింది. బతుకంతా ఎవరూ కనిపెట్టకుండా పూడ్చడం నేర్చుకుంది. ఇప్పుడు తనే కనిపెట్టలేకపోయింది.

"చూశారా?" అన్నాడు దొర. "గుండూ లేదు, మేకూ లేదు. పిచ్చిది ఒకత్తి ఉంది. దాని అయ్య మాటలు విని పోయినోళ్లు ఎంతమందో మీకు తెలుసు. దీని మాటలు విని ఎంతమంది పోతారో మీ ఇష్టం."

వెనక వరసలో ఒకడు ఉలి అందుకున్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. రుకిని గోడకి నుదురు ఆనించి అలాగే నిలబడిపోయింది.

మధ్యాహ్నం నమాజు ఇంకా ముగియకుండానే లారీ వచ్చింది. వార్నిషు రాజధానిలోనే వేయించుకుంటారట, గోడ ఇప్పుడే పోవాలట. ఆకాశం నల్లగా కమ్ముకుంది. దొర మనుషులు గోడని లారీ ఎక్కిస్తుంటే దర్మిన్ టార్పాలిన్ కప్పించాడు. దాని మీద ఇంకోటి కప్పించాడు. అంచులన్నీ తాళ్లతో బిగించాడు. మళ్లీ లాగి చూశాడు.

"తొందరగా కట్టండ్రా! చినుకు పడిందా, మీ తోలు తీస్తా."

రుకిని తలెత్తింది. దర్మిన్ పాతికేళ్లుగా మేస్త్రీ. చినుక్కి ఇంత హడావుడి ఎన్నడూ చెయ్యలేదు. టేకు వానకి ఏం భయపడుతుంది? వానకి భయపడేది ఒక్కటే. వార్నిషు పడని లప్పం.

ఆమె పరుగెత్తింది. "పైనెం! సార్పిన్! లారీని ఆపండి! దాన్ని వానలోకి దించండి!"

ఎందుకో మగవాళ్లకి తట్టలేదు. ఆడవాళ్లకి తట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకున్న రుద్దేవాళ్లంతా ఒక్కసారే లేచారు. పైనెం వెళ్లి లారీ ముందు చక్రం దగ్గర బాసింపట్టు వేసుకుని కూచుంది.

"ఎక్కించు మీదినించి. మా ఆయనకి కేకలెయ్యడానికి ఇంకో పేరు దొరుకుద్ది."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. అతను కూడా కూలివాడే. దొర మనుషులు కర్రలెత్తారు. ఒక దెబ్బ సార్పిన్ భుజం మీద పడింది. రెండో దెబ్బ పడే లోపల ఉలి పట్టినవాళ్లు ఉలులు కింద పెట్టి వచ్చారు. అంతమందిని చూసి కర్రలు దిగాయి. క్రోమో తాత తను నూరిన ఉలితోనే తాళ్లు కోశాడు. నగిషీవాళ్లు, లోడింగు కూలీలు, నమాజు నించి తిరిగొస్తున్నవాళ్లు, తలో చెయ్యీ వేసి గోడని దించి, నడిరోడ్డు మీద లారీకి ఆనించి నిలువుగా నిలబెట్టారు.

వాన దిగింది. ధారలుగా దిగింది.

తడిసిన టేకు ముదురు గోధుమరంగుకి తిరిగింది. తీగలు, మొగ్గలు, నెమళ్లు నిగనిగలాడాయి. జనం చూస్తున్నారు. ఏమీ లేదు. దొర నడుమ్మీద చేతులు పెట్టుకుని నవ్వబోయాడు. అప్పుడు ఎడమవైపున ఒక ఆకు ఈనె పాలిపోయింది. పాలిపోయిన చోట పొట్టు ఉబ్బింది. ఉబ్బి, బురదగా జారి, కిందికి కారింది. వెనక కన్నం కనబడింది.

"అదే," అంది రుకిని. "అదే నేను పెట్టింది."

ఆమె మాట ముగియలేదు. కుడివైపు ఇంకో మచ్చ పాలిపోయింది. నడిమి పలక మీద మరొకటి. ఆ చివర ఇంకొకటి. రుకినికి అర్థం కాలేదు. తను పెట్టింది ఒక్కటే. పైనెం చక్రం దగ్గర్నించి లేచి, తడిసి ముద్దయిపోయి, నడిమి మచ్చ కేసి వేలు చూపించింది.

"అది నాది రుకినీ. ఆ నెమలి చెక్క రుద్దేటప్పుడు కాగితానికి గుండు తగిలింది. మేస్త్రీకి చెబితే పని పోతదని గోటితో తీసి పూడ్చేశా. నాకొక్కదానికే దొరికిందనుకున్నా."

"ఆ కుడిపక్కది నాది," అని ఏడ్చింది ఇంకొకావిడ.

"ఆ చివరిది నేను పెట్టా. నాకూ తెలుసు అది మేకు కాదని."

గురువారం ఆ గదిలో మొహాలెందుకు దాచుకున్నారో రుకినికి అప్పుడు తెలిసింది. ఎవరికి వాళ్లే ఒంటరిగా దొరికిన దాన్ని ఒంటరిగా పూడ్చి, ఒంటరిగా భయపడుతూ పక్కపక్కనే కూచుని ఇన్నాళ్లూ రుద్దారు. ఇప్పుడు లప్పం అంతా రాలిపోయింది. కన్నాలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఎవరో అన్నారు, "మనిషి రొమ్ము ఎత్తు."

గుంపు చీలింది. వీధి చివర్నించి రసిమున్ నడిచి వస్తున్నాడు. గొడుగు లేదు, చెప్పులు లేవు. గోడ ముందుకొచ్చి ఒక కన్నం మీద అరచెయ్యి పెట్టాడు. పక్కదాని మీద పెట్టాడు. అలా వరసంతా తడిమి, గోడకి వీపు ఆనించి జనం వైపు తిరిగాడు. కన్నాలు ఆయన రొమ్ముకి సరిగ్గా వచ్చాయి.

"ఇట్లా నిలబెట్టారు," అన్నాడు. ఆ ఊళ్లో పిల్లలు ఆయన గొంతు వినడం అదే మొదలు. "ఎగువ వాగు పక్కన. రెండు నల్లబండల నడుమ. పెద్దదొర లాంతరు పట్టుకుని పేర్లు చదివాడు. మేం గుంట తవ్వాం." ఆయన రుకిని కోసం వెతికాడు. "మీ నాన్న నన్ను గుర్తుపట్టాడే. తిట్టలేదు. 'రసిమున్, లోతుగా తవ్వు, అడవిపందులు తోడతాయి' అన్నాడు. తవ్వాను తల్లీ. నా చెయ్యి విరిగేదాకా తవ్వాను."

రుకిని వెళ్లి ఆయన తడి చేతులు రెండూ పట్టుకుంది.

పోలీసు జీపులు రానే వచ్చాయి. దొర ముందే కబురు పెట్టాడు. ఇన్స్‌పెక్టరు గొడుగు కింద నిలబడి గోడని చూశాడు.

"ఏంటివన్నీ?"

"పాత మేకులండీ," అన్నాడు దొర.

"గుండ్లు," అంది పైనెం. "గుండ్లు," అన్నాడు లారీ డ్రైవరు. మొన్న వరసలో నిలబడి మేకన్నవాళ్లంతా, ఎవరూ అడక్కుండానే, గుండ్లు అన్నారు. ఆ మాట రోడ్డు చివరిదాకా పాకింది. దర్మిన్ మేస్త్రీ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అనుమతి లేకుండా గుమిగూడినందుకు, అమ్మిన సరుకు పాడుచేసినందుకు రుకినినీ, క్రోమో తాతనీ, సార్పిన్‌నీ జీపెక్కించారు. ఎక్కుతుంటే రుకిని వెనక్కి చూసింది. తల్లి వస్తోంది. పైనెం భుజం ఆసరాతో, ఆయాసపడుతూ, చేతిలో పళ్లెం. పళ్లెం మీద అరటాకు కప్పింది.

"అమ్మా, ఇవాళ శుక్రవారం కదా. పళ్లెం నిన్ననేగా పెట్టావు!"

"చోటు తెలీనప్పుడు వారం చూసుకున్నాను," అంది కసియెం. "చోటు తెలిశాక వారంతో ఏం పనే?"

ఆమె వంగి ఆ గోడ మొదట్లో పళ్లెం పెట్టి, సిగరెట్టు వానకి తడవకుండా ఆకు కింద దోపింది. పక్క ఇంట్లోంచి ఒకావిడ ఇంకో పళ్లెం తెచ్చింది. జీపు మలుపు తిరిగేసరికి ఇంకా తెస్తూనే ఉన్నారు.

ఠాణా లాకప్ కిటికీలోంచి అడవికి పోయే రోడ్డు కనబడుతుంది. తెల్లారి రుకిని ఆ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. వాన వెలిసింది. ముందు పూల వాసన వచ్చింది, తరవాత మనుషులు కనబడ్డారు. ఉలులు లేవు, జెండాలు లేవు, నినాదాలు లేవు. అందరి చంకల్లోనూ పూలబుట్టలు. తమ ఊరివాళ్లే కాదు. పక్క కార్ఖానాల వాళ్లున్నారు, ఆ పై ఊళ్ల వాళ్లున్నారు. రాత్రికి రాత్రి ఎన్ని చోట్ల చెక్కల మీద నీళ్లు పోసి చూసుకున్నారో! నలుగురు మగవాళ్లు మోస్తున్న కుర్చీలో కసియెం కూచుని ఉంది. వెనింగ్ ఆమె పూలబుట్ట పట్టుకుంది.

ఠాణా ముందు కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి అందరూ?"

"సమాధుల దగ్గరికి నాయనా," అంది పైనెం. "ఇది ఆ నెలే కదా."

"సమాధుల దారి అటు కదా?"

"మావాళ్లవి ఇటు."

అతను లోపలికి చూశాడు. ఇన్స్‌పెక్టరు ఫోను చెవికి పెట్టుకుని ఎవరినో అడుగుతున్నాడు, పూలతో వెళ్లేవాళ్లని ఏ సెక్షను కింద ఆపాలని. అవతల కూడా తెలిసినట్టు లేదు. లాఠీ మెల్లిగా పక్కకి జరిగింది. జనం నడిచారు.

అందరికన్నా ముందు రసిమున్ ఉన్నాడు. ఆయన చంకలో బుట్ట లేదు. భుజం మీద పార ఉంది. రుకిని ఊచలకి మొహం ఆనించి గొంతెత్తి అరిచింది.

"బాబాయ్! లోతుగా తవ్వు! లోతుగా తవ్వమన్నాడు నాన్న, మరిచిపోకు!"

ముసలాయన ఆగాడు. కిటికీ వైపు తిరిగి తలూపాడు. పార ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని అడవి దారి పట్టాడు.